అమ్మానాన్నలతో వూర్ట్స్‌బుర్గ్ రెజిడెంజ్: ఎంతసేపు చూడాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నారు. తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఏడేళ్ల పాప ఉంది, చేతిలో ఒక్క శనివారం ఉంది. ఇంతకుముందు ఒక ప్యాలెస్‌కి తీసుకెళ్తే అమ్మగారు గంట తిరక్కుండానే "అన్ని గదులూ ఒకలాగే ఉన్నాయిరా, బంగారం పూత, కుర్చీలు, అటెళ్లొద్దని తాళ్లు" అని బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నాన్నగారు ఆర్ అండ్ బీలో ఏఈగా చేసి రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు వూర్ట్స్‌బుర్గ్ ఊళ్లో ఉన్న రెజిడెంజ్ అనే పాత భవనం కోసం అంత దూరం ఈడ్చుకెళ్లడం దండగేమోనని మీ అనుమానం.

దండగ కాదు, వెళ్లండి. కాకపోతే పోయినసారి చూసినట్టు చూడకండి. నేను ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ ఆ భవనానికి తీసుకెళ్లాను. మొదట్లో నేనూ గదులు లెక్కపెట్టినట్టు చూపించేవాణ్ని. నలభై నిమిషాల్లో అంతా తిప్పేసి బయటపడేవాళ్లం. సాయంత్రం ఇంటికొచ్చాక "ఏం చూశారు" అని అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుండేది కాదు. తప్పు వాళ్లది కాదు. ఈ భవనంలో మనం చూడాల్సింది గదులు కాదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లేటప్పుడు మన కంటికీ ఒంటికీ ఏం జరుగుతుందన్నది. కట్టినవాళ్లు ఆ వరుసను ఎంతో ఆలోచించి పెట్టారు. కింద మసక చీకటి, తర్వాత మెట్లు, మెట్ల మీద ఆకాశం, ఆ తర్వాత రంగే లేని తెల్లటి హాలు, చివరికి కళ్లు చెదిరే రంగులు. ఈ అయిదూ ఒకదాని తర్వాత ఒకటిగా అనుభవిస్తే చాలు. మిగతా గదులు చూసినా సరే, చూడకపోయినా సరే.

ముందు ఈ ఇల్లు ఎవరిదో అమ్మానాన్నలకు రైల్లోనే చెప్పండి. లేకపోతే లోపల గైడ్ చెప్పే పేర్లన్నీ గాల్లో కలిసిపోతాయి. ఇది రాజుగారి కోట కాదు, బిషప్ ఇల్లు. ఆ కాలంలో వూర్ట్స్‌బుర్గ్‌లో చర్చి పెద్దా ఆయనే, రాజ్యం ఏలేదీ ఆయనే. పన్నులు, సైన్యం, న్యాయం, పూజ అన్నీ ఒకే చేతిలో. పీఠాధిపతే జమీందారు కూడా అయితే ఎలా ఉంటుందో అలా అనుకోండి. పదవి కొడుక్కి రాదు, ఎన్నుకుంటారు. అందుకని గద్దెనెక్కిన ప్రతివాడికీ తన పేరు రాయి మీద నిలవాలన్న తొందర ఉండేది. అంతవరకూ వాళ్లు మైన్ నదికి అవతల కొండ మీద మారియెన్‌బెర్గ్ కోటలో ఉండేవాళ్లు. 1719లో ఎన్నికైన యోహాన్ ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ షోన్‌బోర్న్‌కి కొండ దిగి ఊళ్లో కొత్త భవనం కట్టించుకోవాలనిపించింది. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్తే మీ నాన్నగారు తప్పకుండా తలూపుతారు. ఖజానా వ్యవహారాలు చూసే ఒక పెద్ద అధికారి సొమ్ము తిని దొరికిపోయాడు. అతని దగ్గర కక్కించిన 6 లక్షల గుల్డెన్‌లతో, అంటే ఆనాటి నాణేలతో, 1720లో పునాది తీశారు. కట్టించిన బిషప్ 1724లోనే పోయాడు, భవనంలో చిన్న భాగమే లేచింది అప్పటికి. గోడలూ కప్పులూ పూర్తయ్యేసరికి 1744 అయింది. లోపలి పని 1780 దాకా సాగింది. దాదాపు అరవై ఏళ్లు, ఒకరి తర్వాత ఒకరుగా ఎందరో బిషప్‌లు.

మేస్త్రీ సంగతి ఇంకా ముఖ్యం. బాల్తాజార్ నోయ్‌మాన్. 1687లో ఎగర్ అనే ఊళ్లో, ఇప్పటి చెక్ దేశంలో, బట్టలు నేసే ఇంట పుట్టాడు. నేర్చుకున్న పని గంటలు, ఫిరంగులు పోతపోయడం. ఆ పని మీదే వూర్ట్స్‌బుర్గ్ వచ్చి, సైన్యంలో చేరి, ఫిరంగిదళంలో పైకొచ్చి, లెక్కలూ కోట కట్టడమూ నేర్చుకున్నాడు. ఈ భవనం పని అప్పగించేనాటికి అతనికి ముప్పై రెండో ముప్పై మూడో. పెద్ద కట్టడం ఒక్కటీ అతని పేరు మీద లేదు. వియన్నా నుంచి హిల్డెబ్రాంట్, మైన్స్ నుంచి వెల్ష్, పారిస్‌లో ద కోట్, బోఫ్రాన్ లాంటి మహామహులైన భవనశిల్పుల సలహాలు తీసుకున్నారు. ఎవరి గీత వాళ్లు గీశారు. అన్నిటినీ పోగేసి ఒక్క భవనంగా నిలబెట్టింది ఈ నేతింటి కుర్రాడే. యూరో రాకముందు జర్మనీలో చెలామణి అయిన చివరి 50 మార్కుల నోటు మీద బొమ్మ ఇతనిదే. ఆ నోటు వెనకవైపు ఇప్పుడు నేను చెప్పబోయే మెట్లు ఉంటాయి.

ఇక లోపలికి.

కింద ప్రవేశమంటపం చూడగానే "ఇంతేనా" అనిపిస్తుంది. కప్పు తక్కువ ఎత్తు, వెలుతురు తక్కువ, వెడల్పు మాత్రం విపరీతం. అది ఆరు గుర్రాల బండి లోపలికొచ్చి, దొరలను దింపి, తిరిగి వెళ్లేందుకు వదిలిన చోటు. అక్కడ ఒక్క నిమిషం నిలబెట్టండి అందరినీ. కళ్లు ఆ మసకకి అలవాటు పడాలి. తర్వాత ఎడమవైపు మెట్లు మొదలవుతాయి.

ఈ మెట్లకి మీ నాన్నగారు భయపడక్కర్లేదు. ఒక్కో మెట్టు ఎత్తు తక్కువ, పాదం పెట్టే చోటు ఎక్కువ. నేల మీద జీరాడే బట్టలతో, హుందాగా, గంభీరంగా ఎక్కడానికి కట్టినవి. మా నాన్న డెబ్బై ఒకటో ఏట చేతికర్రతో ఎక్కారు. సగం ఎక్కాక విశాలమైన చదును వస్తుంది. అక్కడ ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. అసలు ఎక్కలేని పరిస్థితి ఉంటే టికెట్ కౌంటర్ దగ్గర ముందే చెప్పండి, వేరే దారి అడగండి. కానీ ఎక్కగలిగితే ఎక్కే చూడాలి. ఎందుకంటే ఈ కప్పు మీది చిత్రం ఎక్కేవాళ్ల కోసమే వేసింది.

మొదటి మెట్టు మీద ఉండగా తలెత్తితే కప్పులో ఒక ముక్క మాత్రమే కనబడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఇంకొంచెం తెరుచుకుంటుంది. కప్పు నాలుగు అంచుల్లో నాలుగు ఖండాలు వేసి ఉంటాయి. ఎదురుగా అమెరికా, ఈకల కిరీటం పెట్టుకుని మొసలి మీద కూర్చున్న ఆడమనిషి రూపంలో. పైన మధ్యలో సూర్యదేవుడు అపోలో. చదును దాకా వచ్చి, మిగతా మెట్లకోసం వెనక్కి తిరిగితే అప్పుడు ఎదురుగా యూరప్. రెండు పక్కలా పొడుగ్గా ఆసియా, ఆఫ్రికా. అంటే కొండచుట్టు దారిలో పైకి పోతున్నకొద్దీ లోయ విప్పుకున్నట్టు, మన నడకతో చిత్రం విప్పుకుంటుంది. పైకి వెళ్లి ఒక్కచోట నిలబడి మొత్తం ఫోటో తీసుకుందామంటే కుదరదు. అలా చూడనివ్వకుండానే వేశాడు.

వేసింది వెనిస్ నుంచి వచ్చిన జోవాన్ని బాట్టిస్టా త్యెపోలో. 1750 చివర్లో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు, 1753 చివర్లో వెళ్లాడు. మధ్యలో ముందు పై హాలు, తర్వాత ఈ మెట్ల కప్పు. సుమారు 600 చదరపు మీటర్ల బొమ్మ. ఇది తడిసున్నం మీద వేసే పద్ధతి. గార పూసిన రోజునే, అది ఆరకముందే రంగు పెట్టాలి. ఆరితే రంగు సున్నంలో భాగమైపోతుంది, ఊడదు, తప్పు దిద్దడానికీ వీలుండదు. కాబట్టి ఏ రోజు ఎంత వేయగలరో అంతే గార పూసుకుంటారు. జాగ్రత్తగా చూస్తే ఆ రోజువారీ అతుకులు కొన్నిచోట్ల తెలుస్తాయి. చలికాలంలో గార ఆరదు కాబట్టి ఆ నెలల్లో త్యెపోలో నూనెరంగులతో గుడ్డ మీద బొమ్మలు వేసేవాడు. అలా వేసిన వాటిలో ఒకటి ఇప్పుడు మ్యూనిక్‌లో ఆల్టె పినకోటేక్ అనే చిత్రశాలలో ఉంది.

మీ పాపకి ఇక్కడ ఒక ఆట ఇవ్వండి. ఏనుగు ఎక్కడుంది? ఒంటె ఎక్కడుంది? మొసలి సరే. ఆఫ్రికా వైపు ఉష్ట్రపక్షి తోక ఈకలు పీకుతున్న కోతి ఉంది, దాన్ని కనిపెడితే ఐస్‌క్రీమ్. యూరప్ వైపు ఫిరంగి గొట్టం మీద తీరిగ్గా వాలి కూర్చున్న సైనిక దుస్తుల మనిషి ఉన్నాడు, పక్కన కుక్క. అతనే నోయ్‌మాన్. తను కట్టిన కప్పులోకి తనే చూస్తున్నట్టుంటాడు. బొమ్మ పూర్తయిన ఆ 1753లోనే అతను పోయాడు. ఒక మూల త్యెపోలో తన మొహమూ వేసుకున్నాడు, పక్కన పెద్దకొడుకు. ఈ బొమ్మ వేయించిన బిషప్‌ కార్ల్ ఫిలిప్ ఫాన్ గ్రైఫెన్‌క్లావ్ మాత్రం యూరప్‌కి పైన పతకం మీది బొమ్మగా గాల్లో తేలుతుంటాడు. నాకు ఎప్పుడు చూసినా ఆ బిషప్‌ కన్నా ఫిరంగి మీది మేస్త్రీనే దగ్గరగా అనిపిస్తాడు.

ఆసియా బొమ్మ దగ్గర కొంచెం ఆగండి. ఏనుగు మీద రాణిలా కూర్చున్న ఆడమనిషి, ఒకపక్క అక్షరాలు చెక్కిన రాయి, దూరంగా శిలువలు నిలిచిన గుట్ట. రాతా మతమూ ఆసియాలో పుట్టాయని చెప్పడం వాళ్ల ఉద్దేశం. అదే బొమ్మలో నేల మీద సాగిలపడ్డ మనుషులు కూడా ఉన్నారు. యూరప్ మాత్రం సంగీతం, చిత్రకళ, చర్చి, సైన్యం చుట్టూ పెట్టుకుని సింహాసనం మీద ఉంటుంది. నాలుగు ఖండాల్లో మూడు కానుకలు తెచ్చేవి, ఒకటి అందుకునేది. ఇది అందమైన బొమ్మే, ప్రపంచాన్ని వాళ్లెలా చూశారో దాచకుండా చెప్పే బొమ్మ కూడా. పెద్దయ్యాక మీ పాపకి ఈ సంగతి చెప్పాలి. గైడ్లు అందరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

మెడ నొప్పి గురించి: పెద్దవాళ్లు పది నిమిషాలకు మించి తలెత్తి చూడలేరు. చిన్న అద్దం ఒకటి బ్యాగులో వేసుకోండి. నడుం దగ్గర పట్టుకుని అందులోకి చూస్తే కప్పు మీది బొమ్మ కిందనే కనబడుతుంది. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టినా అంతే. మా అత్తయ్యగారు ఈ అద్దం పట్టుకునే ఇరవై నిమిషాలు చూశారు, ఆవిడకి మెడ పట్టేసే జబ్బు. ఇంట్లో చిన్న బైనాక్యులర్ ఉంటే అది కూడా.

ఇప్పుడు మీ నాన్నగారికి ప్రత్యేకంగా. ఆ బొమ్మ మాట పక్కనపెట్టి "కింద స్తంభాలేవి" అని అడగండి ఆయన్ని. మెట్ల హాలు వెడల్పు 18 మీటర్ల పైచిలుకు, పొడవు 30 మీటర్లు దాటుతుంది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. పైన ఉన్నది చెక్క కప్పు కాదు, రాతితో కట్టిన కమాను కప్పు. అందులోనూ గుమ్మటంలా ఎత్తుగా లేచింది కాదు, బాగా అణిగినట్టున్న వంపు. వంపు ఎంత తక్కువైతే గోడల్ని పక్కలకి తోసే బలం అంత ఎక్కువని ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. నోయ్‌మాన్ దీనికోసం సన్నటి రంధ్రాలుండే తేలికపాటి రాయి వాడాడు. హిల్డెబ్రాంట్ ఈ లెక్క నమ్మలేదని, "ఇది నిలబడితే దీని కింద నేను ఉరేసుకుంటాను" అన్నాడని, దానికి నోయ్‌మాన్ "దీని కింద ఫిరంగులు పేల్చి చూపిస్తాను" అన్నాడని ఊళ్లో కథ చెప్పుకుంటారు. అన్నారో లేదో గానీ, ఆ పరీక్ష రెండువందల ఏళ్ల తర్వాత నిజంగానే జరిగింది.

మా నాన్నది హిందూపురం. చిన్నప్పటినుంచి లేపాక్షి గుడిలో ఆడుకున్న మనిషి. ఈ మెట్ల మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మనవాళ్లూ కప్పుమీదే వేశారు. కానీ మనది రాతిబండల కప్పు, ప్రతి నాలుగడుగులకీ స్తంభం ఉండాల్సిందే. అందుకని మనవాళ్లు బొమ్మను స్తంభాల మధ్య పట్టీలుగా కోసుకుని కథ చెప్పారు. వీడు స్తంభాలు తీసేసి ఆకాశం పెట్టాడు." ఇంతకన్నా బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. లేపాక్షిలో మనం తల పైకెత్తి నడుస్తూ ఒక్కో పట్టీ చదువుకుంటూ పోతాం, ఇక్కడ ఒకే చిత్రం మన నడకని బట్టి మారుతుంది. రెండూ నడిచేవాళ్ల కోసం వేసినవే, నిర్మాణం వేరు కాబట్టి చిత్రం వేరైంది.

ఆ పరీక్ష ఏమిటంటే, 1945 మార్చి 16 రాత్రి. బ్రిటిష్ విమానాలు సుమారు ఇరవై నిమిషాల పాటు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఎక్కువగా నిప్పంటించే బాంబులు. దాదాపు 5,000 మంది చనిపోయారు, పాత ఊరు దాదాపు తొంభై శాతం కాలిపోయింది. ఇప్పటికీ ప్రతి ఏడూ ఆ రోజు రాత్రి ఊళ్లో చర్చి గంటలన్నీ మోగుతాయి. మొదటిసారి విన్నప్పుడు ఏం జరిగిందోనని కిటికీలోంచి చూశాను, పక్కింటి ముసలావిడ చెప్పింది. రెజిడెంజ్ పైకప్పు మొత్తం చెక్క వాసాలు, అవన్నీ అంటుకుని కాలి, కాలుతున్న దుంగలు ఈ రాతి కమాను మీద పడ్డాయి. కమాను నిలబడింది. కింద బొమ్మ నిలబడింది. భవనంలో రెండు పక్కల భాగాలు మటుకు గోడలు మిగిలి లోపలంతా బూడిదైంది.

కానీ నిప్పు తర్వాత అసలు గండం వాన. పైన కప్పు లేదు, కమాను మీద నీళ్లు నిలిస్తే సున్నం గార తడిసి బొమ్మంతా పెచ్చులుగా రాలిపోతుంది. ఆ వేసవిలో అమెరికా సైన్యంతో వచ్చిన జాన్ స్కిల్టన్ అనే కళాచరిత్ర తెలిసిన అధికారి ఇది చూసి, కలప దొరకని ఆ రోజుల్లో ఎక్కడెక్కణ్నుంచో దుంగలు తెప్పించి, తాత్కాలికంగా పైకప్పు వేయించాడు. ఆ ఒక్క పనీ చేయకపోతే ఇప్పుడు మనం వెళ్లి చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. నోయ్‌మాన్, త్యెపోలో, స్కిల్టన్, ఈ ముగ్గురి పేర్లూ ఒకే వరుసలో చెప్తాను నేను ఎవరిని తీసుకెళ్లినా. 1981లో ఈ భవనం యునెస్కో జాబితాలో చేరింది. మెట్ల కప్పు బొమ్మను 2003 నుంచి 2006 దాకా మళ్లీ శుభ్రం చేసి బాగుచేశారు, అందుకే రంగులు అంత తేటగా ఉంటాయి.

మెట్లు ఎక్కాక తెల్లటి హాలు. ఇందులోకి రాగానే కొంతమంది "ఇక్కడ రంగులు ఇంకా వేయలేదా" అంటారు. ఇది కావాలనే అలా వదిలింది. గచ్చు పని, అంటే సున్నంతో పోతపోసినట్టు చేసే అలంకారం, ఆంటోనియో బోస్సి చేశాడు. అంతా బూడిదతెలుపు. ఒక పెద్ద రంగుల చిత్రం నుంచి ఇంకో రంగుల హాలుకి వెళ్లేముందు కంటికి విశ్రాంతి కావాలి. భోజనంలో పప్పు, పులుసుల మధ్య ఒక ముద్ద పెరుగు నోట్లో పెట్టుకున్నట్టు. ఇక్కడ మీరు కూడా రెండు నిమిషాలు ఊరికే నిలబడి, అప్పుడు పక్క తలుపులోంచి కైజర్‌జాల్ లోకి, అంటే చక్రవర్తి హాలులోకి వెళ్లండి.

ఆ హాలు ఎర్రటి స్తంభాలతో, బంగారంతో, కిటికీల వెలుతురుతో ఒక్కసారి మీదపడుతుంది. ఆ స్తంభాలు పాలరాయి కాదు. జిప్సంలో రంగులు, జిగురు కలిపి పిసికి, పూసి, రాయిలా మెరిసేదాకా సానపెట్టినవి. పనితనం చూపించుకునేందుకు చేసిన పని ఇది, ఖర్చు తగ్గించడానికి కాదు. పైన గోడల మీద బంగారపు తెరలు పక్కకి లాగినట్టు మలిచారు, వాటి మధ్యలో నాటకం మొదలైనట్టు చిత్రం. 1156లో చక్రవర్తి ఫ్రెడెరిక్ బార్బరోసా ఇదే ఊళ్లో బుర్గుండి రాజకుమారి బియాట్రిస్‌ను పెళ్లి చేసుకున్నది ఒకవైపు, 1168లో అతను ఇక్కడి బిషప్‌కి దొరతనం ఇచ్చినది ఇంకోవైపు. "మాకు ఈ అధికారం చక్రవర్తే ఇచ్చాడు సుమా" అని వచ్చిన అతిథికి అన్నం పెట్టేముందు గుర్తుచేయడం ఇది. పెళ్లివాళ్లంతా త్యెపోలోకి ఆరువందల ఏళ్ల ముందటివాళ్లయినా పదహారో శతాబ్దపు వెనిస్ వేషాల్లో ఉంటారు.

దీని తర్వాత రెండు పక్కలా గదుల వరుసలు. మీ అమ్మగారికి విసుగొచ్చేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ ఒక్క గదిని గుర్తుపెట్టుకోండి: అద్దాలగది. ఇంగ్లీషు గైడ్‌తో కలిసి వెళ్లే దారిలో వస్తుంది. గోడల నిండా అద్దాలు, అద్దం వెనకవైపు నుంచి తిరగేసి వేసిన చిన్న చిన్న బొమ్మలు, బంగారం. 1740ల్లో చేసిన అసలుది 1945లో పూర్తిగా నాశనమైంది. ఇప్పుడు ఉన్నది 1979 నుంచి 1987 దాకా చేసిన నకలు. నకలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పాత ఫోటోలు, పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో వేసిన నీటిరంగుల చిత్రం, మిగిలిన ఒక్క అద్దం ముక్క పెట్టుకుని, పోయిన విద్యను మళ్లీ మొదటినుంచి నేర్చుకుని చేశారు. వెనకవైపు నుంచి వేసేటప్పుడు ముందు కనుపాప, కన్ను, ఆ తర్వాత మొహం, చివర్లో వెనక రంగు. మామూలు బొమ్మకి సరిగ్గా తలకిందులు. అమ్మగారికి ఆ సంగతి గదిలోకి వెళ్లకముందే చెప్పండి. గాజుమీద తిరగేసి వేసిన తంజావూరు దేవుడి పటాలు ఆవిడ చూసే ఉంటారు, వెంటనే పట్టుకుంటారు. మా అత్తయ్యగారు ఆ గదిలోంచి రావడానికి ఒప్పుకోలేదు, తర్వాతి గుంపు వచ్చేదాకా నిలబడ్డారు.

మిగతా గదులు నడుస్తూ చూసేయండి. కుర్చీలు, గోడకి వేలాడే నేత పటాలు బాగుంటాయి గానీ ఒకే రోజు అన్నీ బుర్రకెక్కవు. చర్చి మాత్రం వదలకండి. భవనం మూలలో ఉంటుంది, ద్వారం వేరు, టికెట్ అక్కర్లేదు. బయటినుంచి చూస్తే అక్కడ చర్చి ఉన్నట్టే తెలియదు, మిగతా కిటికీలలాగే కిటికీలు. ఆ పొడుగాటి పెట్టెలాంటి చోట్లో నోయ్‌మాన్ గుడ్డు ఆకారాలు ఒకదానితో ఒకటి కలిపి, గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో తెలియకుండా చేశాడు. ముదురురంగు మెలిక స్తంభాలు. నాన్నగారికి కూర్చోడానికి బల్లలూ ఉన్నాయి, చల్లగానూ ఉంటుంది. పదిహేను నిమిషాలు.

తోట గురించి అమ్మగారికి వేరేగా చెప్పాలి. బరోక్ తోట, అంటే ఆ కాలపు రాజభవనాల తరహా తోట, అనగానే కనుచూపుమేర చదునుగా సాగే తోట ఊహిస్తాం. ఇక్కడ అలా లేదు, ఎందుకంటే చోటు లేదు. భవనం వెనకాలే ఊరి కోటగోడ, దాని బురుజు. తోటమాలి యోహాన్ ప్రోకోప్ మాయర్, బొహీమియా మనిషి, 1770ల నుంచి ఇక్కడ పనిచేశాడు. గోడను దాచకుండా, బురుజు వాలునే అరుగులుగా, మెట్లుగా, వంపుదారులుగా మలిచి తోటను పైకి ఎక్కించాడు. చోటు లేకపోవడమే ఈ తోటకి అందం తెచ్చిపెట్టింది. దక్షిణం వైపు తోట ఇంకోలా ఉంటుంది. గుండ్రటి కొలను, దాని చుట్టూ శంకువుల్లా కత్తిరించిన నల్లటి ఆకుపచ్చ చెట్లు, కుండీల్లో పూలు. అక్కణ్నుంచి ఇంకొంచెం వెళ్తే కూరగాయలు, పళ్ల మళ్లు. గోడకి ఆనించి కొమ్మలు రెండు పక్కలా చాచేటట్టు కట్టి పెంచిన పళ్ల చెట్లు ఉంటాయి. పెరటి మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు అక్కడ ఆగిపోతారు. కొమ్మను ఏ వయసులో వంచాలి, ఎక్కడ కట్టాలి అని అమ్మగారు మిమ్మల్నే అడుగుతారు, సిద్ధంగా ఉండండి. తోటలో చిన్నపిల్లల రాతిబొమ్మలు యోహాన్ పీటర్ వాగ్నర్ చేసినవి, ఇనుప గేట్లు యోహాన్ గియోర్గ్ ఎగ్ చేసినవి. గేటు దగ్గర ఆగి ఆకులూ తీగలూ ఎలా కొట్టాడో దగ్గరగా చూడండి, కమ్మరి పని అని నమ్మబుద్ధి కాదు. తోటకి టికెట్ లేదు, చీకటి పడేదాకా తెరిచే ఉంటుంది.

ఇక ఏర్పాట్లు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వేగంగా పోయే ఐసీఈ రైల్లో గంటా పది, పదిహేను నిమిషాలు. ఆగుతూ పోయే ఆర్‌ఈ బండిలో దాదాపు రెండు గంటలు, డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే అదే సరిపోతుంది, అమ్మానాన్నలకి ఐసీఈ టికెట్ ముందుగా తీసుకుంటే చవగ్గా దొరుకుతుంది. స్టేషన్ నుంచి నడక పదిహేను నిమిషాలు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లతో ట్యాక్సీ మేలు, దూరం కిలోమీటరు పైచిలుకే. వేసవిలో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా, చలికాలంలో 10 నుంచి 4:30 దాకా తెరుస్తారు. ఇంగ్లీషు గైడ్ మామూలుగా 11 గంటలకి, 3 గంటలకి ఉంటుంది, టికెట్‌లోనే కలిసి ఉంటుంది. వెళ్లేముందు రోజు వాళ్ల వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. జూన్ ప్రాంతంలో ఇక్కడ మోజార్ట్ సంగీతోత్సవం జరుగుతుంది, 1921 నుంచి నడుస్తోంది, చాలా కచేరీలు ఆ చక్రవర్తి హాల్లోనే. ఆ రోజుల్లో కొన్ని గదులు తొందరగా మూసేస్తారు. వీపు సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి, చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

నేను చేసేదేమిటంటే, పదికల్లా లోపలికి వెళ్లి మెట్ల దగ్గర మా అంతట మేమే అరగంట ఉంటాం. 11 గంటలకు గైడ్‌తో కలిసి ఇంకోసారి చూస్తాం. మొదటిసారి కళ్లతో, రెండోసారి చెవులతో. ఒంటిగంటకల్లా బయటికి. ఆవరణలో భోజనం చేయకండి, వెనకవైపు తోట దాటితే రింగ్‌పార్క్ అని ఊరిని చుట్టివచ్చే పార్కు ఉంది, నీడ, బెంచీలు బోలెడు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు అక్కడే విప్పండి. తర్వాత పాపకి ఓపిక ఉంటే నది దగ్గర పాత వంతెన మీదికి తీసుకెళ్లండి, రెండు పక్కలా సాధువుల రాతిబొమ్మలు, ఎదురుగా కొండ మీద బిషప్‌లు వదిలి వచ్చిన ఆ కోట. వేసవిలో అక్కణ్నుంచి పడవ ఎక్కితే ముప్పావుగంటలో ఫైట్స్‌హోఖ్‌హైమ్ వస్తుంది. బిషప్‌ల వేసవి విడిది, తోటనిండా ఫెర్డినాండ్ టీట్స్ చెక్కిన బొమ్మలు, మడుగు మధ్యలో రెక్కలగుర్రం. కానీ ఒకే రోజులో రెండూ పెట్టుకోకండి, పెద్దవాళ్లు అలిసిపోతారు. దాని కోసం ఇంకోసారి రండి.

సాయంత్రం బండికి ముందు గంట మిగిలితే మళ్లీ తోటలోకే వెళ్లండి. నాన్నగారిని మెల్లగా వంపుదారి మీదుగా బురుజు పైకి తీసుకెళ్లండి, అక్కడ మెట్లు ఎక్కక్కర్లేదు. పైన బెంచీ మీద కూర్చుంటే భవనం వెనకవైపు మొత్తం ఎదురుగా ఉంటుంది. పశ్చిమాన పొద్దు దిగుతుంటే కప్పు అంచు వెంబడి వెలుతురు పరుచుకుంటుంది. మధ్యలో ముందుకు పొంగినట్టున్న భాగం చక్రవర్తి హాలు. దాని వెనక, కుడివైపుగా పైకి లేచిన కప్పు కింద మెట్లు ఉన్నాయి. ఆ పైకప్పు 1945 తర్వాత వేసిందని, దాని కింద రాయి మాత్రం నోయ్‌మాన్‌దని ఆయనకి అక్కడ చూపించండి.